బీడీ ఎట్లు చుట్టబడును?

షోలాపురమునందలి తెలుగు పేటలలో ఉదయము వంట ముగిసిన పిమ్మట పెక్కు ఇండ్ల గడపలయొద్దకు చేటలు వచ్చును. చేటలో ఒకప్రక్క తడిసిన ఆకు, ఒకప్రక్క తంబాకు, నడుమ దారపుండ, కత్తెర. అత్తలు, కోడండ్రు, వదినెలు వరుసగా కూర్చుండి మాటలాడుకొనుచునే బీడీలు చుట్టుచుందురు. మన బడులలో చదువుకొనుచున్న బాలబాలికలలో పలువురి పుస్తకములు, దుస్తులు ఆ చేటనుండియే వచ్చుచున్నవి. ఇట్లు మన యిండ్లను పోషించుచున్న ఈ పనిని గూర్చి, ఆకు అడవిలో చిగిర్చినది మొదలు బీడీ అంగడి చేరువరకు గల వృత్తాంతమును తల్లిదండ్రులకు విన్నవింపదలచితిమి. ఒక పని సంగతి పూర్తిగా తెలిసినగాని దానివలని మేలును కీడును తూచి చూచుట సాధ్యము కాదు.

పుట్టుక

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసు వర్తకుల మూలమున మన తీరములను చేరినది. 17వ శతాబ్దినాటికి ఇచ్చట దాని సాగు పాదుకొన్నది. ధనవంతులు హుక్కా త్రాగిరి. పేదలు చేతికి దొరకిన ఆకులో పొగాకు పొడి చుట్టుకొని కాల్చిరి. గుజరాతులోని ఖేడా ప్రాంతము పొగాకు పంటకు పేరు వడసినది. బీడీ వర్తకమునకును అదియే పుట్టినిల్లు. 1899వ సంవత్సరమున పశ్చిమ భారతమును పీడించిన కరవు పిమ్మట గుజరాతు వర్తకులు కొందరు జబల్పూరు ప్రాంతమునకు వలసపోయి, అచ్చటి అడవులలోని తునికాకు బీడీకి మిక్కిలి తగినదని కనుగొనిరి. అటుపిమ్మట రైలుమార్గముల వెంట ఈ పరిశ్రమ దేశమంతటను వ్యాపించినది.

షోలాపురమున 1877లో మొదటి నూలుమిల్లు వెలసినది. మిల్లులు, మగ్గములు పెరిగినకొలది నిజాము రాజ్యమునందలి తెలంగాణ జిల్లాలనుండి మన పద్మశాలీలు కుటుంబములతో తరలివచ్చిరి. పురుషులు మగ్గములయొద్దను మిల్లులయందును పనిచేయగా, స్త్రీలకు ఇల్లు కదలకుండ చేయదగిన పనిగా బీడీ లభించినది. నాటినుండి నేటివరకు ఈ నగరమున బీడీ చుట్టు స్త్రీలలో తెలుగువారే ఎక్కువగా కనబడుదురు. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలోని మన బంధువుల యిండ్లలోను ఇదే చేట, ఇదే కత్తెర.

ఆకు

బీడీకి వాడు ఆకు తునికి చెట్టుది. వేసవిలో పిల్లలు ఇష్టముగ తిను తునికి పండ్లు కాయు చెట్టు ఇదియే. హిందీ ప్రాంతముల వారు దీనిని తేందూ అనియు, ఒడిశాలోని మనవారు కెందు అనియు వ్యవహరింతురు. తెలంగాణ, ఒడిశా, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్రలోని విదర్భ అడవులలో ఇది విస్తారముగా పెరుగును. మాఘ ఫాల్గుణములలో పొదలను నేలమట్టముగా నరకుదురు. ఇంచుమించు 40, 45 దినములకు ఎఱ్ఱని లేత చిగురు వచ్చి, క్రమముగా పచ్చబారి, చుట్టుటకు అనువైన మెత్తని ఆకగును. ఏప్రిలు, మే నెలలలో గిరిజనులు తెల్లవారుజామున అడవికేగి ఆకు కోసి, తెలంగాణమున 50 ఆకులకొక కట్ట చొప్పున కట్టి, కల్లములలో ఎండబెట్టుదురు. వాన పడకముందే ఈ పని ముగియవలెను. తడిసిన ఆకు మచ్చలు పడి చెడిపోవును.

ఈ వర్తకములో దళారుల దోపిడిని అరికట్టుటకై మధ్యప్రదేశ్ ప్రభుత్వము 1964లోను, ఒడిశా ప్రభుత్వము 1973లోను ఆకు వ్యాపారమును తమ వశము గావించుకొన్నవి. మన చేటలోని ఆకు వెనుక అడవిలోని మరియొక పేదకుటుంబపు శ్రమ కలదని గుర్తింపవలెను.

చుట్టు విధము

కార్ఖానావారు చుట్టువారికి తూచి ఇచ్చునవి రెండు: ఆకు, తంబాకు. బీడీ తంబాకు సిగరెట్టు పొగాకు వంటిది కాదు. గుజరాతు పొలములందును, కర్ణాటకలోని నిపాణి ప్రాంతమునందును పండించి, ఎండలో ఆరవేసి, రవ్వరవ్వగా నలుగగొట్టినది. ఒక్కొక్క బీడీలో పడునది సుమారు పావుగ్రాము మాత్రమే. అనగా వేయి బీడీలకు పావుకిలో తంబాకు.

ఎండిన ఆకు అట్లే చుట్టిన పగులును. కావున మొదట దానిని నీట తడిపి, నీరు వార్చి, తడి గోనెగుడ్డలో చుట్టి యుంచుదురు. తడి తక్కువైన ఆకు విరుగును; ఎక్కువైన తంబాకు చెమ్మగిల్లి బూజు పట్టును. చేతితో తాకిననే అదను తెలియును. పిదప ఆకుపై రేకు అచ్చునుంచి, కత్తెరతో దీర్ఘచతురస్రముగా కత్తిరింతురు. లావుపాటి ఈనె అడ్డురాకుండ, చిల్లులు, మచ్చలు పడకుండ ముక్క తీయుటలోనే సగము నేర్పు కలదు. ఒకే కొలత గల ఆకునుండి ఒకతె ఎక్కువ ముక్కలును, మరియొకతె తక్కువ ముక్కలును తీయుట ఇందువలననే.

ముక్కను ఎడమచేత బట్టి, కుడిచేత చిటికెడు తంబాకు నిలువునను సమముగా పరచి, ఒక మూలనుండి బొటనవ్రేలితో త్రిప్పుచు చుట్టుదురు. ఒక కొన సన్నముగను, రెండవ కొన వెడల్పుగను ఉండునట్లు వాలుగా చుట్టవలెను. సన్నని కొన నోటియందుంచునది. రవ్వలు నోటబడకుండుటకే అది సన్నము. వెడల్పు కొనను గోటితో గాని, చిన్న ఇనుపముక్కతో గాని లోనికి మడిచి మూయుదురు. అటుపిమ్మట సన్నని కొనకు దగ్గరగా దారము చుట్టి బిగింతురు. బిగి ఎక్కువైనచో పొగ రాదు. తక్కువైనచో బీడీ విడిపోవును.

ఇట్లు చుట్టినవానిని 25 చొప్పున కట్టలు కట్టుదురు. వేయి బీడీలకు 40 కట్టలు. నేర్పరియైన స్త్రీ 10 గంటలలో 800 బీడీలు చుట్టినదనుకొన్నను, ఒక్కొక్క బీడీకి పట్టినది 45 క్షణములే. ఆ 45 క్షణములలోనే కత్తిరింపు, నింపుట, చుట్టుట, మడుచుట, కట్టుట అన్నియు ముగియవలెను. మెడ వంచి, మోకాలు ముడిచి, దినమునకు ఎనిమిది వందల మారులు! ఇది తేలికపని యనువారు ఒక్కదినము చేటముందు కూర్చుండి చూడవలెను.

కార్ఖానాలో

మరునాడు కట్టలు కార్ఖానాకు చేరును. అచ్చట తనిఖీ జరుగును. కొలత తప్పినవి, వదులైనవి, చిల్లు పడినవి తీసివేయబడును. తీసివేసిన వానికి కూలి లేదు. ఆకు నాసిదైనపుడును లెక్క తగ్గకూడదు కావున, తరచుగా స్త్రీలు స్వంత డబ్బుతో ఆకు కొని లెక్క పూరించుచుందురు. సరిచూచిన బీడీలను భట్టీలో వెచ్చచేసి చెమ్మ తీసి, కాగితము చుట్టి, చీటీ అంటించి అంగడికి పంపుదురు.

కూలి వేయింటికి ఇంత యని లెక్క. ఇంటియొద్ద చుట్టు స్త్రీలు కార్మికులే కారని, తమకు తామే పనివారని యజమానులు చిరకాలము వాదించిరి. పార్లమెంటు 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టమును చేసి, ఇంటిపనివారిని గూడ కార్మికులుగా గుర్తించినది. ఆ చట్టము చెల్లునని సుప్రీముకోర్టు 1974లో తీర్పు చెప్పినది. ఇంటియొద్ద చుట్టువారికి గూడ ప్రావిడెంటు ఫండు వర్తించునని అదే న్యాయస్థానము 1985లో తేల్చినది. 1966 నాటి చట్టము, 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన నూతన కార్మిక స్మృతులలో విలీనమైనది. 1976లో నెలకొల్పబడిన బీడీ కార్మికుల సంక్షేమనిధికి ఆధారమైన సుంకము 2017లో జి.ఎస్.టి. రాకతో తొలగిపోయినను, బీడీ కార్మికుల పిల్లలకు కేంద్రప్రభుత్వమిచ్చు విద్యార్థి వేతనములు సాగుచునే యున్నవి.

సంఘటితముగా నిలిచినవారికి ఫలము దక్కుననుటకు మన నగరమే నిదర్శనము. గోదూతాయి పరులేకర్ పేర ఏర్పడిన సహకార గృహనిర్మాణ సంఘము మూలమున కుంభారియొద్ద 10,000 మంది బీడీ స్త్రీలకు ఇండ్లు నిర్మింపబడి, 2006లో నాటి ప్రధాని మన్మోహన్ సింగు చేతులమీదుగా అందజేయబడినవి.

ఆరోగ్యము

ఇక కీడును గూర్చి చెప్పవలసి యున్నది. తునికాకు సిగరెట్టు కాగితమువలె గాలిని చొరనీయదు. పీల్చుట మానినచో బీడీ ఆరిపోవును. అందుచే త్రాగువాడు మాటిమాటికి, గట్టిగా పీల్చుచుండును. కావుననే సిగరెట్టులోని పొగాకులో మూడవవంతు మాత్రమే యున్నను, బీడీ పొగలో తారు, కార్బన్ మోనాక్సైడు, నికోటిను తక్కువ కావు, తరచు ఎక్కువయే. నోటి, గొంతు, ఊపిరితిత్తుల పుండ్లకు, గుండెజబ్బునకు, క్షయ ముదురుటకు బీడీ కారణమగుచున్నదని వైద్యశాస్త్రము స్థిరపరచినది. ఆకులో చుట్టినది గనుక సిగరెట్టుకంటె మేలను మాట వట్టి భ్రమ.

త్రాగని మన స్త్రీలకును బాధ తప్పదు. తంబాకు ధూళి ముక్కున బోయి దగ్గు, ఆయాసము కలిగించును. తంబాకులోని నికోటిను చర్మముగుండ గూడ దేహమున చేరును. తలత్రిప్పు, వికారము తరచుగా దానివలననే. నడుమునొప్పి, మెడనొప్పి, కంటిశ్రమ వీరికి నిత్యచుట్టములు. ఊయలలోని శిశువు ఆ చేటప్రక్కనే నిద్రించుచు అదే గాలిని పీల్చుచుండును.

పిల్లల చేతులు

ఈ పనిలో చిన్న వ్రేళ్లకు గిరాకి యెక్కువ. కొన మడుచుటకు, దారము కట్టుటకు ఆడపిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొనిన తల్లికి కొన్ని వందల బీడీలు అదనముగా తేలును. తల్లి చేయునది పిల్లపై కోపముచే కాదు. లెక్క పూర్తి కావలెనను బెంగచే. కాని ఆ లెక్కకు ప్రక్కన మరియొక లెక్క వేసి చూడుడు. బాలిక దినమునకు 2 గంటలు చేటముందు కూర్చున్నచో, ఏటికి 300 దినములకు 600 గంటలు. బడిదినము 6 గంటలనుకొన్నచో అది 100 బడిదినములతో సమానము. తోటివారు చదువుకొనిన నూరుదినముల చదువును ఆ పిల్ల ప్రతి సంవత్సరము దారముతోబాటు ముడివేసి కార్ఖానాకు అప్పగించుచున్నది. పదవ తరగతిలో తప్పినపుడు పిల్లకు బుద్ధి చాలదందుము. చాలనిది బుద్ధి కాదు, గంటలు.

1986 నాటి బాలకార్మిక చట్టము బీడీ తయారీని పిల్లలకు నిషిద్ధమైన పనుల పట్టికలో చేర్చినది. 2016 నాటి సవరణ 14 ఏండ్లలోపు వారిని ఏ వృత్తిలోను నియోగింపరాదని శాసించినది. అయినను నాలుగు గోడలనడుమ జరుగు పనిని చూచుటకు ఏ అధికారి రాగలడు? ఇంటికి అధికారి తల్లియే, తండ్రియే.

చేట నేడే కట్టిపెట్టుడని మేము చెప్పజాలము. కూలి లేనిదే పొయ్యి వెలుగదు. కాని సాధ్యమైనవి కొన్ని కలవు. కార్మిక గుర్తింపుచీటీ తల్లి పేరనే యుండవలెను. ఇచ్చిన ఆకు, తంబాకు, అప్పగించిన బీడీలు నాటికి నాడు పుస్తకమున వ్రాయించుకొనవలెను. అక్షరములు నేర్చిన బిడ్డ ఈ లెక్కను చూచుట తగిన సాయము, కొనలు మడుచుట కాదు. ప్రావిడెంటు ఫండు ఖాతాలో సొమ్ము పడుచున్నదా యని విచారింపవలెను. విద్యార్థి వేతనమునకు గడువులోగా దరఖాస్తు పెట్టుటకు బడి కార్యాలయము సాయమడుగవలెను. కిటికీ తెరచి, ముక్కునకు గుడ్డ కట్టుకొని చుట్టవలెను. తంబాకును వంటయింటికి, ఊయలకు దూరముగా నుంచవలెను. భోజనమునకు ముందు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. అన్నిటికి మించి, దీపము పెట్టిన తరువాతి రెండు గంటలు పిల్లల పుస్తకమునకు విడిచిపెట్టవలెను.

కొన్ని తరములుగా మన తల్లులు ఆ చిన్న ఆకుముక్కలతోనే అద్దెలు కట్టిరి, పెండ్లిండ్లు చేసిరి, కొడుకులను కాలేజీలకు పంపిరి. ఆ శ్రమకు మన సమాజము ఋణపడి యున్నది. ఆ ఋణము తీరు మార్గము ఒక్కటే: చేట తల్లితో నిలిచిపోవలెను, కూతురి యొడికి చేరరాదు.