నొసలు చెప్పే నొప్పి

టీకా వేయించుకుంటున్న పసిబిడ్డను గమనించండి. సూది గుచ్చుకోగానే, ఏడుపు ఇంకా గొంతు దాటకముందే ముఖం మారిపోతుంది. కనుబొమలు కిందికి దిగి దగ్గరవుతాయి. కళ్లు గట్టిగా మూసుకుంటాయి. ముక్కు పక్కల గీతలు లోతుగా పడతాయి. దీన్నే మనం ముఖం చిట్లించడం అంటాం.

ఈ మాట ఒక్క నొప్పికే కట్టుబడి లేదు. ఎండ కళ్లలో పడినా, చేదు మందు మింగినా, నచ్చని మాట విన్నా ముఖం చిట్లిస్తాం. అందుకే ‘నొప్పితో ముఖం చిట్లించింది’ అని కారణం కలిపి చెబుతాం. మూతి ముడిస్తే అలక. ముఖం మాడ్చుకుంటే అసంతృప్తి. పంటి బిగువున భరించడమంటే నొప్పిని ముఖం మీదికి రానివ్వకపోవడం.

మరి నొప్పికంటూ ప్రత్యేకమైన చిట్లింపు ఉందా? కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త కెన్నెత్ ప్రకాచిన్ 1992లో దీన్ని పరీక్షించారు. చలి, ఒత్తిడి, విద్యుత్ షాక్, రక్తప్రసరణ ఆపడం అనే నాలుగు రకాల నొప్పి కలిగించి ముఖాలను పరిశీలించారు. నొప్పి ఏదైనా నాలుగు కదలికలు మళ్లీ మళ్లీ కనిపించాయి: కనుబొమలు దిగడం, కళ్ల చుట్టూ కండరాలు బిగుసుకోవడం, ముక్కు ముడతపడి పైపెదవి లేవడం, కళ్లు మూసుకోవడం. ఈ కండరాలన్నిటికీ ఆజ్ఞలు చేరవేసేది ఏడో కపాల నాడి.

ఈ కదలికలను చదవడం నేర్చుకోవడం వైద్యానికి ఎంతో అవసరమైంది. 1980ల నాటికి కూడా నవజాత శిశువులకు నొప్పి సరిగా తెలియదన్న నమ్మకంతో, చాలీచాలని మత్తుతోనే శస్త్రచికిత్సలు చేసిన సందర్భాలున్నాయి. భారత్‌లో పుట్టిన వైద్యుడు కన్వల్‌జీత్ ఆనంద్ పరిశోధనలు 1987లో ఆ నమ్మకాన్ని కదిలించాయి. తగినంత నొప్పి నివారణ మందు అందిన నెలతక్కువ పిల్లల్లో ఒత్తిడి హార్మోన్ల ఉధృతి తగ్గిందని ఆయన బృందం చూపింది. అదే ఏడాది పరిశోధకులు రూత్ గ్రూనౌ, కెన్నెత్ క్రెయిగ్ మడమలో సూది గుచ్చినప్పుడు శిశువుల ముఖంలో వచ్చే మార్పులను నమోదు చేశారు.

2010లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ మొగిల్ బృందం ఎలుకల ముఖాల్లో నొప్పిని చదవడానికీ ఒక కొలమానం తయారుచేసింది. కళ్లు, ముక్కు, చెంపలు, చెవులు, మీసాలు - ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు మార్కులు. తర్వాత గుర్రాలకూ ఇలాంటివి వచ్చాయి.

ఈ విద్య మన ఇళ్లలోనూ పనికొస్తుంది. మతిమరుపు వ్యాధి ముదిరిన పెద్దావిడ ‘నడుము నొప్పిగా ఉంది’ అని చెప్పలేకపోవచ్చు. పక్కకు తిప్పినప్పుడు ఆమె నొసలు ముడుచుకుంటే అదే ఆమె మాట. చిట్లించలేదు కాబట్టి నొప్పి లేదనుకోవడం మాత్రం పొరపాటు. పంటి బిగువున భరించడం అలవాటైనవాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. ముఖం చూడండి, ఆ తర్వాత అడగండి కూడా.