పొగలో మాంసం ఎలా ఉడుకుతుంది?

మాంసాన్ని పొగలో వండే ఎలక్ట్రిక్ స్మోకర్‌లో మంట ఉండదు. అడుగున కాయిల్ వేడెక్కుతుంది. థర్మోస్టాట్ ఆ వేడిని 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలుపుతుంది. పళ్లెంలోని హికరీ, ఆపిల్ చెట్ల చెక్కముక్కలు మండకుండా మాడుతూ పొగ వదులుతాయి. చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం విడిపోయి పుట్టే గ్వాయకాల్ వంటి రసాయనాల వల్లే పొగకు ఆ కమ్మని వాసన.

అమెరికాలోని టెక్సాస్‌కు పేరు తెచ్చిన బ్రిస్కెట్, అంటే ఆవు రొమ్ము మాంసం, చాలా గట్టిది. అందులోని కొలాజెన్ అనే ప్రోటీన్ మెత్తని జెలటిన్‌గా మారడానికి గంటలకొద్దీ సన్నని వేడి కావాలి. మాంసం లోపల 70 డిగ్రీలకు అటూఇటూ ఉష్ణోగ్రత చాలాసేపు కదలదు. చెమట ఆరుతూ ఒంటిని చల్లబరిచినట్టే, పైతడి ఆవిరవుతూ మాంసాన్ని చల్లబరుస్తుంది. ఇక్కడ ఓపిక పట్టాల్సిందే.

స్మోకర్ కొనేటప్పుడు దాని తలుపు బిగుతుగా మూసుకుంటుందో లేదో చూడాలి. వండేది కోడిమాంసమైతే లోపల 74 డిగ్రీలకు చేరాలి. థర్మామీటరు గుచ్చి చూడాలి. పొగలో ప్రమాదకరమైన కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది కాబట్టి స్మోకర్‌ను పెద్దల సమక్షంలో, ఆరుబయటే వాడాలి.