వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు

లక్ష్మికీ సరస్వతికీ పొసగదన్న మాట మన దేశంలో చాలా పాతది. ఆ మాటను పుట్టించినవారు కవులో, కవులకు ఇవ్వవలసినదాన్ని ఎగవేసినవారో తేల్చటం కష్టం. ఏమైనా ఆ మాట విని కలం పక్కన పెట్టినవారికంటె, విననట్లే నటించి చేతి చమురు వదిలించుకొన్నవారే తెలుగునాట ఎక్కువ. సొంత ఖర్చుతో అచ్చు వేయించిన ఖండకావ్యాలు అటకల మీద ఎన్ని ఉన్నవో ఆ ఇంటి ఇల్లాండ్రకు తెలుసును.

ఇక్కడ ప్రస్తావన ఆ ఖండకావ్యాలను గూర్చి కాదు. జీతం నెలాఖరుదాకా రాని గుమాస్తా, పిల్లలు బడికి వెళ్ళిన తరువాత మూడు గంటల తీరిక చిక్కే గృహిణి, పింఛను మీద బ్రతికే ఉపాధ్యాయుడు - ఇట్టివారు అనేకులు వ్రాత మీద నాలుగు రూపాయలు సంపాదించగలమా అని ఆలోచిస్తున్నారు. వారు కోరేది మహాకవి బిరుదం కాదు, వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు. ఆ కోరికలో తప్పేమీ లేదు. అయితే ఆ చన్నీళ్ళు ఏ బావిలో ఉన్నవో, చేదకు ఎంత తాడు కావలెనో తెలిసి దిగటం మంచిది.

ఇట్లా ఎవరి కొలువులోనూ లేకుండా విడివిడిగా రచనలు అమ్ముకొనేవారిని ఇంగ్లీషువారు ఫ్రీలాన్సర్లంటారు. ఈ మాటను వాల్టర్ స్కాట్ 1819లో వెలువడిన ‘ఐవాన్‌హో’ నవలలో కూలికి యుద్ధం చేసే ఈటెగాళ్ళను గూర్చి వాడినాడు. పోలిక బాగానే కుదిరినది. ఏ రాజు పక్షాన పోరాడినా ఆ ఈటెగాడి గుర్రానికి గడ్డి వేయవలసినవాడు ఆ ఈటెగాడే. స్వతంత్ర రచయితకు సెలవు జీతం లేదు, పింఛను లేదు, కాగితం ఖర్చు కూడా తనదే. కనుకనే మన రచయితలలో వివేకవంతులు గుర్రానికి గడ్డి మరొక చోట ఏర్పాటు చేసుకొని ఈటె పట్టినారు.

నిదర్శనాలకు కొరత లేదు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నడిపిన ప్రపంచ కథానికల పోటీలో ‘గాలివాన’కు ద్వితీయ బహుమతి వచ్చేనాటికి పాలగుమ్మి పద్మరాజుగారు ఏళ్ళ తరబడి కళాశాలలో పాఠాలు చెప్పినవారు. యండమూరి వీరేంద్రనాథ్ గారు చార్టర్డ్ అకౌంటెంటు ఉద్యోగం చేస్తూనే నవలా రచనకు దిగినారు. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు విశాఖపట్నంలో వకీలు. ఆయన వృత్తి ఆయన కథలకు అడ్డు రాలేదు సరికదా, ‘ఆరు సారా కథలు’కు ముడిసరుకంతా కోర్టు ఆవరణలోనే దొరికినది. మద్యనిషేధం రోజులలో ఆ కేసులు చూచిన వకీళ్ళు ఎందరో ఉండి ఉంటారు. చూచినదాన్ని చూచినట్లు పట్టుకొన్నవాడు ఒక్కడు. కొత్తగా వ్రాయదలచినవారు ఈ ఉదాహరణ మీద కొంతసేపు నిలవవలెను. సామాన్యంగా వారు చేసే పొరపాటు, తమ ఉద్యోగాన్ని కవిత్వానికి శత్రువుగా భావించి, తమకు తెలియని జమీందారీ మేడలను గూర్చి, చూడని కాశ్మీరాన్ని గూర్చి వ్రాయటం. కాని ఎరువుల దుకాణంలో పద్దులు వ్రాసేవాడికి ఏ తెగులుకు ఏ మందును రైతుకు అంటగడుతున్నారో తెలుసును. బ్యాంకు గుమాస్తాకు, ముసలివారు ఏ కాగితం మీద ఎందుకు సంతకం పెట్టరాదో తెలుసును. ఇట్టి సంగతి పత్రికా కార్యాలయంలో కూర్చున్నవారికి తెలియదు. అమ్ముడుపోయే సరుకు అది.

కథకంటె వ్యాసానికి గిరాకీ ఎక్కువ అన్నది చాలామందికి రుచించని నిజం. ఒక పత్రికకు వారానికి ఒక కథ చాలును. ఆ ఒక్క స్థానానికి గుట్టలు గుట్టలుగా కథలు వచ్చిపడతవి. వ్యవసాయం, ఆరోగ్యం, వంటలు, స్థలపురాణాలు, పిల్లల పేజీ, డబ్బు దాచుకొనే మార్గాలు - ఇవి వారం వారం నిండవలసిన ఖాళీలు. ఈ ఖాళీలను నింపే వ్రాతను చిన్నచూపు చూడటం మన సాహితీపరులకు ఒక అలవాటు. ఆ చిన్నచూపుకు చరిత్రలో ఆధారం లేదు. 1950లో ఒక హిందీ చిత్రం ‘ఆహుతి’ అన్న పేరుతో తెలుగులోకి మారినప్పుడు, తెరమీది పెదవుల కదలికకు సరిపోయే మాటలను అతికినవారు సాక్షాత్తు శ్రీశ్రీ. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ‘చందమామ’లో పనిచేసినారు, అక్కడ ఆయన వ్రాసిన, తిరగవ్రాసిన కథలలో అధికభాగం ఆయన పేరు లేకుండానే పిల్లల చేతికి చేరినవి. పిల్లలకు వ్రాసినందువల్ల ఆయన తెలుగు పలుచబడలేదు. చిక్కబడినదనే అనవలెను.

గృహిణులకు ధైర్యం చెప్పే ఉదాహరణ యద్దనపూడి సులోచనారాణిగారిది. 1960లలో ‘జ్యోతి’ మాసపత్రికలో ‘సెక్రటరీ’ నవల ధారావాహికగా వచ్చిన తరువాత, ఆమె పేరు కోసం పత్రిక కొనేవారు ఏర్పడినారు. ఆ నవల 1976లో చలనచిత్రం కూడా అయినది. అది వారపత్రికలు సమృద్ధిగా ఉన్న కాలం. ఆ కాలం తిరిగి వస్తుందని ఆశ పెట్టుకొని ఎవరూ కలం పట్టరాదు. 1924లో పుట్టిన ‘భారతి’ 1991లో అస్తమించినది. ‘చందమామ’ 2013 నాటికి ఆగిపోయినది. 1978 నుంచి నడచిన ‘విపుల’, ‘చతుర’లు 2021లో నిలిచిపోయినవి. మిగిలినవి దినపత్రికల ఆదివారం అనుబంధాలు, కొద్ది వార, మాసపత్రికలు. సాహిత్యానికే అంకితమైన చిన్న పత్రికలు గౌరవం ఇస్తవి. చాలావరకు పైకం ఇవ్వలేవు. దానికి వారిని నిందించి ప్రయోజనం లేదు. వ్రాసి పంపేవాడికి మాత్రం ఎక్కడ గౌరవం కోసం వ్రాస్తున్నాడో, ఎక్కడ పైకం కోసం వ్రాస్తున్నాడో ముందే స్పష్టంగా ఉండవలెను. ఆ రెండు సంచులను కలిపివేసినవారే తరువాత నిష్ఠూరాలాడుతారు.

పత్రికలు తగ్గినంత మాత్రాన వ్రాతపని తగ్గలేదు, చోటు మారినది. అనువాదం ఉన్నది. కేంద్ర సాహిత్య అకాడమీ, నేషనల్ బుక్ ట్రస్టు వంటి సంస్థలు తెలుగు అనువాదాలకు పైకం చెల్లిస్తవి. ఇతర భాషల చిత్రాలకు, ధారావాహికలకు తెలుగు మాటలు, తెరమీద చదువుకొనే తెలుగు పంక్తులు కావలసివస్తున్నవి. వినే కథలు వచ్చినవి. ‘ప్రతిలిపి’ వంటి వేదికల మీద ధారావాహికలు వ్రాసి, పాఠకుల చందాలలో వాటా పొందేవారు ఉన్నారు. అక్కడ సంపాదకుడి కత్తెర లేదు, కనుక సంపాదకుడి రక్షణ కూడా లేదు. అనువాదం మీద ఆశ పెట్టుకొన్నవారు మరొక మార్పు గమనించవలెను. యంత్రమే అనువదించి ఇచ్చినదాన్ని సరిదిద్దిపెట్టమనే పని ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది. దానికి ఇచ్చే ధర తక్కువ. సరిదిద్దే శ్రమ ఒక్కొక్కప్పుడు మొదటి నుంచి వ్రాయటంకంటె ఎక్కువ. ఒక పేజీ చేసి చూచి, పట్టిన గంటలు లెక్కించిన తరువాతనే ధర ఒప్పుకోవటం క్షేమం.

ఇక ప్రారంభించే విధానం. అది చెప్పటానికి చిన్నది, చేయటానికి పెద్దది. ఏ పత్రికకు వ్రాయదలచినారో దాని పాత సంచికలు కనీసం ఇరవై ముందు వేసుకొని చదవవలెను. కథ ఎన్ని మాటలలో ముగుస్తున్నది, వ్యాసం ఏ సంగతితో మొదలవుతున్నది, ఏ విషయం ఇటీవలే వచ్చిపోయినది - ఇవి ఎవరూ చెప్పరు, చదివితే తెలుస్తవి. ఉగాదికి, దీపావళికి కథల పోటీలు ప్రకటిస్తారు. సంక్రాంతి వ్యాసం సంక్రాంతికి ముందు వారం పంపితే చెత్తబుట్టకు కూడా ఆలస్యంగా చేరినట్లే. రెండు నెలల ముందు పంపవలెను. వెనుకటి రోజులలో కాగితానికి ఒక్క వైపునే వ్రాసి, తిరుగు టపాకు బిళ్ళలు అంటించిన కవరు జతపరచేవారు. నేడు కంప్యూటరులో టైపు చేసి పంపితే చాలును. అయితే యూనికోడులో పంపవలెనా, అను ఫాంట్లలోనా అన్నది ఆ పత్రిక కోరినట్లు చేయవలెను. రచన సొంతమేననీ, దేనికీ అనువాదం గాని అనుకరణ గాని కాదనీ, మరెక్కడా పరిశీలనలో లేదనీ హామీపత్రం జతచేయవలెను. ఈ చివరి మాటను తేలికగా తీసుకొనేవారు ఉన్నారు. ఒకే కథ ఒకే ఆదివారం రెండు పత్రికలలో పడితే, ఆ రచయితకు రెండు తలుపులూ ఒకే రోజున మూసుకుపోతవి.

ప్రభుత్వోద్యోగులకు ఒక సందేహం సహజం. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి, ఉద్యోగ విధులకు భంగం లేనంతవరకు అప్పుడప్పుడు చేసే సాహిత్య రచనకు ముందస్తు అనుమతి అక్కరలేదంటున్నది. ప్రభుత్వ విధానాల మీద విమర్శకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. రాష్ట్ర ఉద్యోగులు తమ నియమావళిని, ప్రైవేటు ఉద్యోగులు తమ నియామక పత్రాన్ని ఒకసారి తీసి చదువుకోవలెను.

ఇంతవరకు చెప్పినది సంపాదించటం గూర్చి. సంపాదించినదాన్ని పోగొట్టుకోవటం అన్నది వేరే విద్య. అందులో తెలుగు రచయితలకు అనుభవం అపారం. కొద్దిపాటి పైకానికి నవల మీద సర్వహక్కులూ గంపగుత్తగా వ్రాసి ఇచ్చి, అది ముద్రణ మీద ముద్రణ పడుతుంటే దుకాణం ముందు నిలబడి చూచినవారి కథలు ఎన్నో విన్నవే. మొదటి రచన అచ్చయిన సంతోషంలో ఉన్నవాడు ఎక్కడ సంతకం చేయమన్నా చేస్తాడు. చట్టం అతడికంటె జాగ్రత్తగా ఉన్నది.

1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం రచన మీద తొలి హక్కుదారు రచయిత. ఎక్కడా నమోదు చేయించనక్కరలేదు. వ్రాసిన క్షణంలోనే హక్కు పుడుతుంది, రచయిత మరణించిన తరువాత అరవై ఏళ్ళదాకా వారసులకు నిలుస్తుంది. పత్రికలో జీతానికి పనిచేసేవారి సంగతి కొంత వేరు. వేరే ఒప్పందం లేకపోతే, వారు ఆ ఉద్యోగంలో భాగంగా పత్రిక కోసం వ్రాసినదాన్ని పత్రికలలో ప్రచురించే హక్కు యజమానిది. బయటినుంచి పంపేవాడు జీతగాడు కాడు. అతడి కథను ఒకసారి ప్రచురించినంత మాత్రాన పత్రిక ఆ కథకు యజమాని కాజాలదు.

హక్కు బదిలీ కావలెనంటే వ్రాతపూర్వకంగా ఉండవలెను, రచయిత సంతకం ఉండవలెను. ఏ హక్కు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, ఎంత పైకానికి అన్నవి ఆ కాగితంలో కనబడవలెను. కాలం చెప్పకపోతే ఐదేళ్ళేనని, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం మేరకేనని చట్టం భావిస్తుంది. పుస్తకంగా వేసే హక్కు వేరు, అనువాద హక్కు వేరు, చలనచిత్రంగా తీసే హక్కు వేరు; వీటిని విడివిడిగా అమ్మవచ్చును, అమ్మకుండా ఉంచుకొనవచ్చును. ‘సర్వహక్కులు’ అన్న ఒక్క సమాసం కింద ఇవన్నీ పోతవి. హక్కంతా అమ్మినా, రచన తనదని చెప్పుకొనే అధికారం మాత్రం రచయితకు మిగులుతుంది. 2012లో వచ్చిన సవరణతో చలనచిత్రాలకు పాటలు, మాటలు వ్రాసేవారికి మరొక మేలు జరిగినది. సినిమా హాలులో ఆడించటం కాక ఇతర విధాలుగా ఆ రచనను వాడుకొన్నప్పుడు రావలసిన రాయల్టీలో సమాన వాటాను వారు వదులుకోవటానికి వీలులేకుండా చట్టమే కట్టడి చేసినది. ఆ కట్టడి లేని రోజులలో వ్రాసి పోయినవారి పాటలు నేటికీ వీధి వీధినా మోగుతున్నవి.

ఒప్పంద పత్రం చదవటానికి ఒక రోజు గడువు అడిగితే మర్యాదస్థుడైన ప్రచురణకర్త ఎవరూ కోపించడు. కోపించినాడంటే ఆ కాగితం మరి జాగ్రత్తగా చదవవలసినదన్నమాట.

చివరగా డబ్బు అడగటం. వెనుక తపాలా బంట్రోతు మనియార్డరు తెచ్చి గుమ్మంలో లెక్కపెట్టి ఇచ్చేవాడు, వీధివీధంతటికీ తెలిసేది. నేడు పైకం నిశ్శబ్దంగా బ్యాంకు ఖాతాలో పడుతుంది, నిశ్శబ్దంగా పడకుండానూ ఉంటుంది. అడగటం నామోషీ అనుకొని ఊరకుండేవారి బాకీలు పాతబడిపోతవి. రచన పంపేముందే పారితోషికం ఉన్నదా, ఎప్పుడు ఇస్తారు అని ఒక వాక్యంలో అడగవచ్చును. అచ్చయిన నెలకు మరొక వాక్యంలో జ్ఞాపకం చేయవచ్చును. నెలకు రెండు వ్యాసాలు, ఒక్కొక్కదానికి వెయ్యి రూపాయలు అనుకొందాము. ఏడాదికి ఇరవైనాలుగు వేలు. అందులో ఇంటర్నెట్టు, పుస్తకాలు, ప్రయాణం ఖర్చులు పోను మిగిలినదే ఆదాయం. ఒక నోటుపుస్తకంలో ఏ రచన ఎక్కడికి, ఏ తేదీన పోయినది, ఎంత వచ్చినది, ఎంత ఖర్చయినది వ్రాసి పెట్టుకోవలెను. ఉద్యోగస్థులైతే ఈ మొత్తాన్ని జీతంతోపాటు ఆదాయపు పన్ను లెక్కలో చూపవలెను. పెద్ద మొత్తాల మీద సంస్థలు ముందే పన్ను కోసి ఇస్తవి. ఆ కోత రచయిత పాన్ నంబరు మీద జమపడుతుంది. మొత్తం ఆదాయం పన్ను పరిమితికి లోబడినదైతే, రిటర్ను దాఖలు చేసి ఆ కోతను తిరిగి రాబట్టుకొనవచ్చును. ఆ పని చేయక వదిలివేసేవారిలో కథకులు తక్కువేమీ కారు.