చెరువెంత, తూమెంత?

1964 సెప్టెంబరు 10న జర్మనీలోని కొలోన్‌లో రైలు దిగిన ఒక పోర్చుగీసు వడ్రంగికి మేళతాళాలతో స్వాగతం పలికి, మోపెడ్ బహూకరించారు. పదిలక్షలవ 'అతిథి కార్మికుడు' ఆయనేనట. జాబితాలో చేతికందిన పేరది. వలస కార్మికుల లెక్కలు అప్పుడూ ఇప్పుడూ కొంత ఇలాగే ఉంటాయి.

ఊరి చెరువులో ఇవాళ ఎన్ని నీళ్లున్నాయన్నది ఒక లెక్క. ఏడాదంతా ఎంత నీరు వచ్చింది, తూము గుండా ఎంత పోయిందన్నది మరో లెక్క. 1973లో పశ్చిమ జర్మనీలో విదేశీ కార్మికులు సుమారు 26 లక్షలు. ఇది చెరువు. 1955 నుంచి అప్పటిదాకా వచ్చినవారు దాదాపు కోటీ 40 లక్షలు, వెళ్లిపోయినవారు కోటీ 10 లక్షలు. ఇది రాకపోక.

అమెరికా 'బ్రసేరో' పథకం కింద 1942–64 మధ్య మెక్సికో కూలీలతో కుదిరినవి దాదాపు 46 లక్షల ఒప్పందాలు. పదేళ్లు వరసగా వచ్చిన మనిషి ఇందులో పదిసార్లు ఉంటాడు. దీన్ని జర్మనీ 26 లక్షల పక్కన పెట్టి 'అమెరికాదే ఎక్కువ' అంటే కాగితాలను మనుషులతో పోల్చినట్టే.

ఒకే దేశంలో, ఒకే ఏడాదిలో కూడా లెక్క మారుతుంది. అమెరికా 2023 ఆర్థిక సంవత్సరంలో తాత్కాలిక వ్యవసాయ కూలీల కోసం సుమారు 3,78,000 కొలువులకు అనుమతినిచ్చింది. జారీచేసిన వీసాలు మాత్రం 3,10,000 దాకానే.

ఇక మన గల్ఫ్ లెక్క. పనికోసం వెళ్లేవారికి భారత ప్రభుత్వం ఇచ్చే అనుమతులు, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సులు, 2014లో ఎనిమిది లక్షల పైచిలుకు. 2017కల్లా నాలుగు లక్షల లోపు. చమురు ధరలు పడిపోవడం ఒక కారణం. అయితే పదో తరగతి పాసైనవాళ్లకు ఈ క్లియరెన్సు అక్కర్లేదు. కాబట్టి వలస తగ్గకపోయినా, చదువు పెరిగితే చాలు, ఈ అంకె తగ్గుతుంది!

జగిత్యాల నుంచి విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్లి పనిలో కుదిరిన మనిషి ఈ క్లియరెన్సుల్లో కనబడడు. గడువు దాటి, పని చూపినచోటికల్లా తిరిగే 'ఖల్లివల్లి' అయ్యాక అక్కడి పర్మిట్ల లెక్కలోనూ ఉండడు. ఎప్పుడో అక్కడి ప్రభుత్వం ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ప్రకటించినప్పుడు, ఇంటికి పోయే కాగితం కోసం వరసలో నిలబడతాడు. అతను లెక్కలోకి వచ్చేది ఆ రోజే, పోయేవాడిగా.