నీటిలో తక్కువే, గుడ్డులో విషం

1983లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, కెస్టర్సన్ వన్యప్రాణి రక్షిత ప్రాంతంలో శాస్త్రవేత్తలు పక్షి గూళ్లను పరిశీలించారు. చాలా గుడ్లలో పిల్లలు లోపలే చచ్చిపోయాయి. బయటికి వచ్చిన వాటిలో కొన్నింటికి కళ్లు లేవు, కొన్నింటికి ముక్కు వంకర, మరికొన్నింటికి కాళ్లు సరిగా ఏర్పడలేదు. నీటికోళ్లు, బాతులు, పొడుగుకాళ్ల స్టిల్ట్ పక్షులు, అన్నింటిదీ అదే గతి. అప్పటికే అక్కడి చెరువుల్లో గంబూసియా తప్ప మిగతా చేపలు కనుమరుగయ్యాయి. దోమల లార్వాను తినడానికి మన ఊళ్ల చెరువుల్లో వదిలే మొండి చేప అది.

దీనికంతటికీ కారణం సెలీనియం అనే మూలకం. నిజానికి ఇది ప్రాణులకు అవసరమే. బొత్తిగా లోపిస్తే దూడలకు, గొర్రెపిల్లలకు కండరాలు పాలిపోయి, బలం తగ్గే జబ్బు వస్తుంది. కానీ అవసరమైన మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ.

కెస్టర్సన్‌కు ఇది పొలాల నుంచి వచ్చింది. కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయకు పడమటనున్న కొండలు ఒకప్పటి సముద్రగర్భపు రాళ్లు. వాటి సెలీనియం కొండల కింది నేలల్లోకి చేరింది. అక్కడ సాగునీరు పారించగా, అడుగున బంకమట్టి పొర ఉండడంతో నీరు ఇంకక, భూములు చౌడు దేరసాగాయి. ఆ నీటిని తీయడానికి పొలాల కింద గొట్టాలు వేసి కాలువలోకి మళ్లించారు. అక్కడి నదుల డెల్టా దాకా వెళ్లాల్సిన కాలువ మధ్యలో ఆగిపోయింది. చివరికి ఆ నీరంతా కెస్టర్సన్ చెరువుల్లో చేరింది. కాలువ నీటిలో లీటరుకు సుమారు 300 మైక్రోగ్రాముల సెలీనియం ఉండేది.

సెలీనియం రసాయనికంగా గంధకానికి దగ్గరి చుట్టం. నాచు, మొక్కలు దాన్ని గంధకానికి బదులుగా తమ అమైనో ఆమ్లాల్లో కలుపుకుంటాయి. తినే ప్రాణి శరీరం తేడా పోల్చుకోలేక వాటితోనే ప్రొటీన్లు తయారుచేసుకుంటుంది. నీటిలో ఉన్నదానికి వందల, వేల రెట్లు సెలీనియం నాచులో పోగవుతుంది. అక్కడి నుంచి పురుగులకు, చేపలకు, పక్షులకు అందుతుంది. తల్లి చాలాసార్లు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కానీ గుడ్డులోకి పంపే ప్రొటీన్లతో పాటు సెలీనియాన్నీ పంపేస్తుంది. అవయవాలు రూపుదిద్దుకునే దశలోనే పిండం దెబ్బతింటుంది.

అందుకే నీటి పరీక్ష ఒక్కటే చాలదు. ఉత్తర కరోలినాలోని బెల్యూస్ సరస్సులోకి 1970లలో బొగ్గు విద్యుత్ కేంద్రపు బూడిద చెరువు నీరు చేరింది. సరస్సు నీటిలో సెలీనియం లీటరుకు 10 మైక్రోగ్రాముల దరిదాపుల్లోనే ఉంది. అయినా 20 రకాల చేపల్లో 19 రకాలు సంతానం నిలుపుకోలేకపోయాయి.

పశువులకు ముప్పు మేత ద్వారా వస్తుంది. అమెరికా పడమటి మైదానాల్లోనూ, మన పంజాబ్‌లోని హోషియార్‌పూర్, నవాన్‌షహర్ ప్రాంతాల్లోనూ కొన్ని నేలల్లో సెలీనియం ఎక్కువ. ఆ నేలల గడ్డి మేసిన గొడ్లు వెంట్రుకలు రాలి, గిట్టలు పగిలి, కుంటుతాయి. వేరే నేల మేత వేయకుండా గిట్టకు మందు రాసినంత మాత్రాన జబ్బు తగ్గదు.

కెస్టర్సన్‌లోకి పొలాల నీటిని 1986లో ఆపేశారు. 1988లో పల్లపు చోట్లను మట్టితో పూడ్చేశారు. 2016లో అమెరికా పర్యావరణ సంస్థ మంచినీటి సెలీనియం ప్రమాణాలను సవరించి, నీటి కొలత కన్నా ముందు చేపల గుడ్లు, అండాశయాల్లోని సెలీనియం చూడాలని నిర్ణయించింది. బొగ్గు బూడిదలో సెలీనియం ఉంటుంది. రామగుండం, ఇబ్రహీంపట్నం వంటి చోట్ల మనకూ బూడిద చెరువులున్నాయి. వాటి నుంచి నీరు చేరే చోట్ల చేపలనూ, వాటి గుడ్లనూ క్రమం తప్పక పరీక్షించి ఫలితాలు ప్రజలకు చెప్పాలి. పిల్లలు పుట్టడం ఆగిపోయాక కనిపెడితే అప్పటికే ఒక తరం పోయినట్టే.