పాలతో వచ్చిన మృత్యువు: నాన్సీ లింకను అను రైతు ఇల్లాలి చరిత్ర



ఈ పత్రికలో విత్తనములను గురించియు, ఎరువులను గురించియు, సంఘపు అప్పులు వాయిదాలను గురించియు వ్రాయుట వాడుక. ఈ మాసము ఒక స్త్రీ చరిత్రను వ్రాయుచున్నాము. ఆమె రాణి కాదు, పండితురాలు కాదు. అడవి నరికి సేద్యము చేసికొన్న ఒక పేదరైతు భార్య. ఇద్దరు బిడ్డల తల్లి. దైవభక్తి గల క్రైస్తవురాలు. ఆమె 34 ఏండ్ల ప్రాయమున మరణించెను. ఆ మరణమునకు కారణము పొలము గట్టున, చెట్ల నీడన మొలచు ఒక మొక్క.

మేము మిషను పాఠశాలలో చదువుకొను దినములలో అబ్రాహాము లింకను కథను వింటిమి. అతని చిన్నతనమున తల్లి జబ్బుచేసి చనిపోయెనని మాత్రమే మాకు చెప్పిరి. ఆ జబ్బు ఎట్టిదో, ఎందువలన వచ్చెనో తరువాత పశుగ్రాసములను గూర్చి చదువునప్పుడే తెలిసికొంటిమి. పాడిపశువు గల ప్రతి ఇంటివారును దీనిని తెలిసికొనుట అవసరమని తోచి వ్రాయుచున్నాము.

ఆమె సంసారము

నాన్సీ హాంక్సు 1784వ సంవత్సరమున అమెరికా దేశమందలి వర్జీనియా ప్రాంతమున జన్మించెనని చెప్పుదురు. ఆమె చిన్నతనమునందే కెంటకీ ప్రాంతమునకు చేరి, బంధువుల యిండ్లలో పెరిగెను. ముఖ్యముగా ఆమె పినతల్లి ఎలిజబెత్తు స్పారో, ఆమె భర్త తామసు స్పారో ఆమెను తమ బిడ్డవలె చూచుకొనిరి. 1806 జూను 12వ తేదీన తామసు లింకను అను యువకునితో ఆమెకు వివాహమయ్యెను. అతడు వడ్రంగముతోపాటు సేద్యమును చేయుచుండెను.

1807లో సారా అను కుమార్తె, 1809 ఫిబ్రవరి 12న అబ్రాహాము అను కుమారుడు కలిగిరి. మూడవ బిడ్డ పసితనముననే మరణించెను. అబ్రాహాము జన్మించినది హాడ్జెన్విల్లు సమీపమున ఒక గదిగల దుంగల ఇంటిలో. ఆ ఇంటిలోనే వంట, పడక, నూలు వడకుట, ప్రార్థన అన్నియు జరుగుచుండెను.

నాన్సీకి చదువు స్వల్పము. దస్తావేజుపై సంతకమునకు బదులు గుర్తు పెట్టెను. అయినను బైబిలునందలి కథలను బిడ్డలకు చెప్పుచుండెనని ఆమెను ఎరిగినవారు తరువాతి కాలమున చెప్పిరి. భార్యాభర్తలు చేరినది బాప్తిస్టు సంఘములో ఒక శాఖ. ఆ సంఘమువారు మనుష్యులను బానిసలుగా కొని అమ్ముటను ఒప్పుకొనలేదు. కెంటకీలో ఆ దురాచారము చట్టసమ్మతమై యుండెను.

పట్టా లేని భూమి

తామసు లింకను కెంటకీలో మూడు చోట్ల భూమి తీసికొనెను. మూడు చోట్లను హక్కుల తగాదాలే వచ్చెను. కొలతలు తప్పు, సరిహద్దులు తప్పు, ఒకే భూమికి ఇద్దరు ముగ్గురు హక్కుదారులు. అతడు డబ్బు పోగొట్టుకొనుటయే గాక న్యాయస్థానములచుట్టు తిరుగవలసివచ్చెను. పట్టా సరిగా లేని భూమిపై చెమట ధారపోయుట ఎంత దుఃఖకరమో మన సభ్యులకు మేము చెప్పనక్కరలేదు.

1816వ సంవత్సరాంతమున వారు ఒహాయో నది దాటి ఇండియానాకు పోయిరి. ఆ డిసెంబరుననే ఇండియానా ఒక రాష్ట్రమాయెను. అచ్చట ప్రభుత్వమే భూమిని కొలిచి అమ్ముచుండెను, బానిసత్వము నిషిద్ధము. ఈ రెండు కారణముల వలననే తన తండ్రి కెంటకీ విడిచెననియు, అందులో ముఖ్యమైనది భూమి హక్కుల చిక్కే అనియు కుమారుడు పెద్దవాడైన పిమ్మట వ్రాసెను.

తామసు 1817లో 160 ఎకరములకు దరఖాస్తు పెట్టెను. అది ఇప్పటి స్పెన్సరు జిల్లాలోని లిటిల్ పిజియన్ క్రీక్ అను వాగు ప్రాంతము. చుట్టును దట్టమైన అడవి, ఎలుగుబంట్లు తిరుగుచుండెడివి. ఒక గొడ్డలి ఎనిమిదేండ్ల బాలుని చేతికిని వచ్చెను. తండ్రియు కొడుకును చెట్లు నరుకుచుండగా, తల్లియు కూతురును వంట, నీళ్లు, కట్టెలు, పాడి చూచుకొనుచుండిరి. పశువులకు కంచె లేదు, దొడ్డి లేదు. వానిని అడవిలోనికి వదలిపెట్టెడివారు. దొరకిన ఆకు, గడ్డి అవి మేయుచుండెడివి. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలయును.

1818వ సంవత్సరము

స్పారో దంపతులును వారితో పెరిగిన డెనిస్ హాంక్సు అను యువకుడును 1817లో కెంటకీ నుండి వచ్చి వారి సమీపముననే నివసించిరి. నాన్సీకి కొంత ఊరట కలిగెను.

మరుసటి ఏటి వేసవి చివర ఆ వాగు ప్రాంతమున ఒక భయంకరమైన జబ్బు ప్రవేశించెను. మొదట పశువులు నడవలేక, కొంచెము తోలినంతనే కాళ్లు వణకి కూలుచుండెను. తరువాత మనుష్యులు పడిరి. ఆకలి లేకపోవుట, మిక్కిలి నీరసము, కడుపునొప్పి, ఆగని వాంతులు, మలబద్ధము, తీరని దాహము, ఊపిరిలో ఒక విధమైన వాసన, తుదకు స్పృహ తప్పుట. ఇవి దాని లక్షణములు. జనులు దానిని పాలజబ్బు అనిరి. పశువులలో దానిని వణుకుజబ్బు అనిరి. పాలకును జబ్బునకును సంబంధము కలదని వారు గ్రహించిరి గాని, పాలలోనికి ఆ విషము ఎక్కడనుండి వచ్చునో వారికి తెలియదు.

సెప్టెంబరు నెలలో తామసు స్పారోయు ఎలిజబెత్తును మరణించిరి. ఇరుగుపొరుగు వారిలోను జబ్బు వ్యాపించెను. నాన్సీ వారికి ఉపచారము చేయుచుండెనని చెప్పుదురు. ఆ అడవిలో దగ్గర వైద్యుడు లేడు. ఉన్నను ఆనాటి వైద్యునికి ఈ జబ్బునకు మందు తెలియదు.

తుదకు ఆమెయే పడక పట్టెను. సుమారు ఒక వారము బాధపడెను. డెనిస్ హాంక్సు ముసలితనమున చెప్పిన ప్రకారము, ఆమె బిడ్డలను దగ్గరకు పిలిచి, తండ్రి యెడల మంచిగా నడచుకొనుడనియు, ఒకరినొకరు ప్రేమించుడనియు, దేవుని సేవింపుడనియు బోధించెను. 1818 అక్టోబరు 5వ తేదీన ఆమె ప్రాణము విడిచెను. అప్పటికి సారాకు పదకొండేండ్లు, అబ్రాహామునకు తొమ్మిది.

తామసు తన చేతులతోనే పెట్టె చేసెను. పలకలను బిగించుటకు కొయ్యమేకులను బాలుడైన అబ్రాహాము చెక్కి యిచ్చెనని కుటుంబమువారు చెప్పుకొనిరి. ఇంటికి దక్షిణముననున్న చెట్లదిబ్బ మీద, స్పారో దంపతుల ప్రక్కన ఆమెను పాతిపెట్టిరి. ప్రార్థన చదువుటకు ఆ దినమున బోధకుడు లేడు. కొన్ని నెలల పిమ్మట డేవిడ్ ఎల్కిన్ అను బాప్తిస్టు బోధకుడు వచ్చి సమాధియొద్ద ప్రసంగము చేసెనని చెప్పుదురు. బహుకాలము ఆ సమాధికి గుర్తు రాయియైనను లేదు. 1879లో ఒకటి నిలిపిరి.

తల్లి లేని ఇంటిలో వంటపని పదకొండేండ్ల పిల్లమీద పడెను. చలికాలము గడచెను; మరియొక వేసవియు గడచెను. 1819 డిసెంబరులో తామసు కెంటకీకి పోయి, ముగ్గురు బిడ్డలుగల సారా బుష్ జాన్‌స్టన్ అను వితంతువును వివాహమాడి తీసికొనివచ్చెను. ఆమె ఆ అనాథలను తన బిడ్డలతో సమముగా పెంచెను. సవతితల్లులను నిందించు లోకము ఈమెను కూడ తలచుకొనవలయును.

కారణము తెలిసిన విధము

ఆ విషము వైట్ స్నేక్‌రూట్ అను మొక్కలోనిది. అది మోకాలు మొదలు నడుమువరకు పెరిగి, తెల్లని చిన్న పూలగుత్తులు పూయును. అడవి అంచులను, నీడ గల చోట్లను మొలచును. గడ్డి సమృద్ధిగా నున్నప్పుడు పశువులు దానిని సామాన్యముగా ముట్టవు. వేసవి చివర గడ్డి ఎండి మేత కరవైనప్పుడు, పచ్చగా మిగిలినది అదియే గనుక దానిని మేయును.

ఇందులో ఒక మోసము కలదు. పాలిచ్చు ఆవు ఆ మొక్కను మేసినప్పుడు విషములో కొంత పాలద్వారా వెలికి పోవును. అందుచేత ఆవు ఆరోగ్యముగానే కనబడవచ్చును. పాలు త్రాగిన దూడయు, పాలు త్రాగిన ఇంటివారును జబ్బుపడుదురు. ఆవును చూచి పాలను నమ్మినవారు మోసపోయిరి.

ఇల్లినాయి రాష్ట్రమున అన్నా బిక్స్‌బీ అను మంత్రసాని ఈ జబ్బు ప్రతి ఏట ఒకే ఋతువున వచ్చుటను గమనించెననియు, పశువుల వెంబడి తిరిగి మేతను పరిశీలించెననియు, ఒక షానీ జాతి వృద్ధస్త్రీ ఆ మొక్కను చూపెననియు, దానిని దూడకు పెట్టి నిర్ధారణ చేసికొనెననియు అచ్చటి కథనము. 1830 దశాబ్దము చివర ఒహాయో రాష్ట్రమున జాన్ రో అను రైతు కూడ ఈ మొక్కయే కారణమని ప్రకటించెను. పండితులు చాలకాలము నమ్మలేదు. 1920 దశాబ్దము చివరనే అమెరికా ప్రభుత్వ వ్యవసాయశాఖకు చెందిన జేమ్స్ కౌచ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఆ మొక్కనుండి విషపదార్థమును వేరుచేసి, దానికి ట్రెమెటాల్ అని పేరిడెను. నాన్సీ మరణించి అప్పటికి సుమారు 110 ఏండ్లు.

ఆ వ్యవసాయశాఖను 1862 మే 15వ తేదీన చట్టముపై సంతకము చేసి స్థాపించినవాడు అబ్రాహాము లింకనే. అప్పటికి అతడు దేశాధ్యక్షుడు. తన తల్లిని చంపినది ఏ మొక్కయో అతనికి తెలియదు. అతడు నెలకొల్పిన శాఖలోని ఉద్యోగియే తరువాత దానిని తేల్చెను. బానిసల విడుదలకై 1863 జనవరి 1వ తేదీన ప్రకటన చేసినవాడును అతడే.

మనము నేర్చుకొనవలసినది

ఈ మొక్క మన పొలములలో కనబడునది కాదు. కాని మేత కరవులో పశువు తినగూడనిది తినుట మనకును ఉన్నది.

మొదటిది జొన్ననాము. కోసిన జొన్నమోళ్లనుండి చిగిర్చిన పిలకలను, వానలు లేక గిడసబారిన లేతజొన్నను పశువు మేసినయెడల అందలి విషమువలన కొద్దిసేపటిలోనే పడిపోవచ్చును. పైరు ముదిరి పూతపట్టినకొలది విషము తగ్గును. ఆకలిగొన్న మందను అట్టి చేనిలోనికి తోలరాదు. పశువు రొప్పుచు తూలినచో క్షణమైనను ఆలస్యము చేయక పశువైద్యుని పిలువవలయును. వేళకు అందినచో దీనికి మందు కలదు.

రెండవది బూజుపట్టిన వేరుసెనగ చెక్క. తడిసి బూజుపట్టిన చెక్కలో, గింజలలో అఫ్లాటాక్సిను అను విషము పుట్టును. 1960లో ఇంగ్లండున వేలకొలది సీమకోళ్లు చచ్చినప్పుడు దీనిని కనుగొనిరి. పాడిపశువు దీనిని తినినచో ఆ విషములో కొంత రూపుమారి పాలలోనికి దిగును. ఇది నాన్సీ త్రాగిన విషమువలె వారములో చంపునది కాదు. దీర్ఘకాలము లోనికి పోయినచో కాలేయమునకు హాని చేయును.

ఈ రెండు దేశముల పాలవిషములకును ఒక పోలిక కలదు. పాలు కాచినందువలన క్రిములు చచ్చును గాని, ఈ విషములు నశింపవు. కాచి త్రాగుచున్నాము గదా యని ధైర్యపడరాదు. మేతను కాపాడుటయే మార్గము.

మరియొక సంగతి మన సంఘములకు ముఖ్యమైనది. అనేకుల పాలు ఒకచోట కలిసినప్పుడు ఒక పశువు పాలలోని విషము పలుచనగును. అమెరికాలో పాలజబ్బు తగ్గుటకు అడవులు కొట్టుట, కంచెలు వేయుటతోపాటు ఇదియు ఒక కారణమని చెప్పుదురు. కాని తన ఆవుపాలను తన ఇంటనే త్రాగు రైతుకుటుంబమునకు ఈ రక్షణ లేదు. చెడ్డమేత వలని కీడు మొట్టమొదట పొందువారు మన తల్లులు, మన బిడ్డలే. పట్టణములోని కొనుగోలుదారు తరువాతివాడు.

కాబట్టి సభ్యులకు మా మనవి యిది. చెక్కబస్తాలను నేలకు తగులకుండ, గోడకు ఆనకుండ పలకలమీద నుంచుడు. బూజుపట్టినది పారవేయుడు, తక్కువ ధరకు వచ్చెనని కొనకుడు. వేసవికి గడ్డిని ముందుగానే నిలువచేసికొనుడు. దూడ కారణము లేక నీరసించినచో, తల్లిపశువు బాగుగానున్నను, దాని మేతను విచారింపుడు. జబ్బుగానున్న పశువు పాలను ఇంటను వాడవద్దు, సంఘమునకు పోయవద్దు. పశువులను కాచువారును పాలు పితుకు స్త్రీలును చెప్పు మాటను త్రోసివేయకుడు. అన్నా బిక్స్‌బీ మాటను ఆనాడే వినియుండినచో ఎన్ని ఇండ్లలో తల్లులు బ్రదికియుందురో ఆలోచింపుడు.

నాన్సీ లింకను తన బిడ్డలకు భూమిని ఇవ్వలేదు, ధనమును ఇవ్వలేదు. భక్తిని, మంచినడతను బోధించి పోయెను. ఆ మొక్క సంగతి ఆమెకును ఆమె ఇరుగుపొరుగు వారికిని తెలియదు. మనకు తెలిసినది, తెలిసిన పిమ్మట అజాగ్రత్తగా నుండుటకు మనకు సాకు లేదు. ఈ నెల సమావేశమునకు వచ్చుటకు ముందు ప్రతి సభ్యుడును తన ఇంటి చెక్కబస్తాను ఒకమారు విప్పి చూచుకొని రావలయునని కోరుచున్నాము.