గుర్రపు పందెం: పరుగు వేరు, జూదం వేరు

తెలుగులో 'పందెం' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. గుర్రాలు, ఎడ్లు, పడవలు పోటీపడి సాగితే అది పందెమే. ఆ పోటీ ఫలితం మీద సొమ్ము ఒడ్డితే అదీ పందెమే. రెండు వేర్వేరు పనులు ఒకే మాటలో ఇమిడిపోవడం వల్ల తెలుగు ముస్లింలలో ఒక గందరగోళం ఏర్పడింది. ఒకాయన గుర్రపు పందేలన్నీ హరామ్ అని ఒక్క మాటతో తేల్చివేస్తాడు. మరొకాయన దైవప్రవక్త (స) కాలంలోనూ గుర్రపు పందేలు జరిగాయి కదా అంటూ రేసుకోర్సులో టికెట్టు కొంటాడు. మొదటివాడు ధర్మసమ్మతమైనదాన్ని నిషేధిస్తున్నాడు. రెండోవాడు నిషిద్ధమైనదానికి సున్నత్ పేరు తగిలిస్తున్నాడు. ఇద్దరూ మాట దగ్గరే పొరబడ్డారు.

అరబీలో ఈ చిక్కు లేదు. పరుగు పోటీని 'సబ్ఖ్' అంటారు. గెలిచినవారికి ఇచ్చే బహుమానాన్ని 'సబఖ్' అంటారు. జూదాన్ని 'ఖిమార్' అంటారు. ఒంటెలు, గుర్రాలు, విలువిద్య పోటీలలో తప్ప బహుమానం తగదని బోధించే ప్రసిద్ధ హదీసు అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలో ఉంది. అందులోని పదాన్ని 'సబఖ్' అనే చదవాలని హదీసు వ్యాఖ్యాత ఇమామ్ ఖత్తాబీ వివరించారు. అంటే అక్కడ ప్రస్తావన పరుగు గురించి కాదు, బహుమానపు సొమ్ము గురించి. ఈ మూడు మాటలనూ విడివిడిగా గుర్తుంచుకొంటే నేటి ప్రపంచ ప్రసిద్ధ గుర్రపు పోటీలను ఏ దృష్టితో చూడాలో తేలికగా బోధపడుతుంది.

మదీనాలో రెండు దారులు

దైవప్రవక్త (స) మదీనాలో గుర్రాలకు పోటీలు నిర్వహించిన విషయాన్ని హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) తెలియజేశారు. ఈ ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఆ రోజుల్లో గుర్రాలను పోటీకి తయారుచేసే పద్ధతిని 'తద్‌మీర్' అనేవారు. మొదట గుర్రానికి మేత బాగా పెట్టి బలిష్ఠంగా చేసేవారు. తర్వాత మేత క్రమంగా తగ్గించి, మూసిన చోట కట్టి, ఒంటిపై దుప్పట్లు కప్పి చెమట పట్టించేవారు. దాంతో కొవ్వు కరిగి కండ గట్టిపడేది, దమ్ము పెరిగేది.

ఇలా తయారైన గుర్రాలకు 'అల్ హఫ్యా' నుంచి 'సనియ్యతుల్ విదా' వరకు దూరం నిర్ణయించారు. అది 5 లేక 6 మైళ్లు ఉంటుందని ఉల్లేఖకుల్లో ఒకరైన సుఫ్యాన్ చెప్పారు. ఆ తర్ఫీదు లేని గుర్రాలకు సనియ్యతుల్ విదా నుంచి బనూ జురైఖ్ మస్జిదు వరకు, అంటే సుమారు ఒక మైలు మాత్రమే నిర్ణయించారు. పోటీలో పాల్గొన్న రౌతులలో ఇబ్నె ఉమర్ (రజి) కూడా ఒకరు.

ఈ ఉల్లేఖనంలో ఒక విషయం గమనార్హం. గుర్రం శక్తిని బట్టి మైదానం నిర్ణయమైంది. తయారుగా లేని జంతువును దూరపు పరుగుకు దింపలేదు. పోటీలో వంచనకూ తావివ్వలేదు. వెనుక నుంచి మరో మనిషి కేకలు వేసి గుర్రాన్ని తరమడం 'జలబ్'. పక్కనే మరో గుర్రాన్ని నడిపించుకుంటూ పోయి, మొదటిది అలసిపోగానే దానిమీదికి మారడం 'జనబ్'. రెండూ నిషేధించబడ్డాయి. పరుగు గుర్రానిది, గెలుపు గుర్రానిది, నిర్ణయం న్యాయానిది కావాలన్నదే ఆ కట్టుబాటులోని ఉద్దేశం.

థరోబ్రెడ్ పుట్టుక

నేడు ప్రపంచమంతటా పెద్ద పోటీలలో పరుగెత్తేవి థరోబ్రెడ్ జాతి గుర్రాలు. ఈ జాతి 17, 18 శతాబ్దాలలో ఇంగ్లండులో రూపొందింది. అయితే నేటి థరోబ్రెడ్ గుర్రాల తండ్రి వంశాలన్నీ తూర్పు దేశాల నుంచి వెళ్లిన మూడు మగ గుర్రాల వద్దకే చేరుతాయి. అవి బైర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. వీటిలో డార్లీ అరేబియన్‌ను సిరియాలోని హలబ్ నగరంలో థామస్ డార్లీ అనే ఆంగ్లేయుడు సంపాదించి 1704లో ఇంగ్లండుకు పంపాడు. ఇప్పటి గుర్రాలలో అత్యధిక భాగం దాని సంతతే. 1764లో పుట్టి ఒక్క పోటీలోనూ ఓడని ఎక్లిప్స్ అనే గుర్రం ఆ వంశానిదే. దుబాయి పాలకుడు షేక్ ముహమ్మద్ తన అశ్వశాలలకు డార్లీ, గొడాల్ఫిన్ అనే పేర్లు పెట్టుకోవడం ఈ చరిత్రను గుర్తుచేస్తుంది.

కనుక గుర్రంపై మక్కువ ముస్లిం సమాజానికి పరాయిది కాదు. ప్రళయదినం వరకు గుర్రపు నుదుటి జుట్టుతో శుభం ముడిపడి ఉంటుందని దైవప్రవక్త (స) బోధించారు. దివ్య ఖుర్ఆన్‌లోని నూరో సూరాకు రొప్పుతూ పరుగెత్తే గుర్రాల పేరే వచ్చింది. చిక్కు గుర్రంతో రాలేదు, దాని చుట్టూ చేరిన సొమ్ముతో వచ్చింది.

ఆతిథ్య మైదానం ఎలా నిర్ణయమవుతుంది?

ప్రసిద్ధ పోటీలలో చాలావాటికి స్థిరమైన నివాసం ఉంది. 1780లో మొదలైన ఇంగ్లండు డెర్బీ ఎప్సమ్‌లో జరుగుతుంది. 1861లో మొదలైన మెల్‌బోర్న్ కప్పుకు ఫ్లెమింగ్టన్ నిలయం. 1875లో మొదలైన కెంటకీ డెర్బీ చర్చిల్ డౌన్స్ మైదానానిది. వీటిని అనుసరించేవారికి మైదానం ముందే తెలుసు. అక్కడి మలుపులు, ఎత్తుపల్లాలు కంఠతా వచ్చి ఉంటాయి.

అమెరికాలోని బ్రీడర్స్ కప్పు తీరు వేరు. 1984లో కాలిఫోర్నియాలోని హాలీవుడ్ పార్కులో, ఒకే రోజు 7 పోటీలతో, మొత్తం కోటి డాలర్ల బహుమానంతో అది మొదలైంది. 2007 నుంచి రెండు రోజులు జరుగుతోంది. దానికి సొంత మైదానం లేదు. నిర్వాహకులే మైదానాన్ని ఎంపిక చేస్తారు. 1996లో సరిహద్దు దాటి కెనడాలోని వుడ్‌బైన్‌కు కూడా వెళ్లింది. మొదటి ఆతిథ్యమిచ్చిన హాలీవుడ్ పార్కు 2013లో మూతపడింది. మన దేశంలోనూ ఇలాంటి పద్ధతి ఉంది. ఇండియన్ టర్ఫ్ ఇన్విటేషన్ కప్పుకు ముంబయి, కోల్‌కతా, బెంగుళూరు, చెన్నై, హైదరాబాద్ రేసుకోర్సులు వంతులవారీగా ఆతిథ్యమిస్తాయి. ఆ విధంగా మలక్‌పేట మైదానానికీ వంతు వస్తుంది.

మైదానాన్ని ఎంపిక చేసేటప్పుడు చూసేవి అనేకం. నవంబరు వాతావరణం, మట్టిబాట, పచ్చికబాట స్థితి, విదేశీ గుర్రాలను విడిగా ఉంచే వసతి, ప్రేక్షకుల సీట్లు, హోటళ్లు, టెలివిజన్ వేళలు అన్నీ లెక్కకు వస్తాయి. దేశమంతటా ఆ రోజున కాసే బెట్టింగ్ సొమ్ము కూడా ఆ లెక్కలో ఉంటుంది.

ఈ ఎంపికపై గుర్రాల జయాపజయాలే కాక ప్రాణాలు కూడా ఆధారపడి ఉంటాయి. 2007లో న్యూజెర్సీలోని మన్మౌత్ పార్కులో వర్షానికి బాట బురదయింది. ప్రధాన పోటీలో ఐర్లండు నుంచి వచ్చిన జార్జి వాషింగ్టన్ అనే గుర్రం కాలు విరిగి అక్కడే ప్రాణం కోల్పోయింది. 2008లో శాంటా అనీటాలో మట్టికి బదులు కృత్రిమ బాట ఉండడంతో పచ్చికకు అలవాటుపడిన ఐరోపా గుర్రాలకు అది అనుకూలించింది. ప్రధాన పోటీని రేవెన్స్ పాస్ అనే ఐరోపా గుర్రం గెలుచుకొంది.

2019 అనుభవం మరింత బాధాకరం. 2018 డిసెంబరు చివర మొదలై 2019 జూన్‌లో ముగిసిన సీజనులో శాంటా అనీటాలో 30 గుర్రాలు చనిపోయాయి. మార్చిలో కొంతకాలం పోటీలు నిలిపివేశారు. ఆ ఏడు బ్రీడర్స్ కప్పును మరో చోటికి మార్చాలా అన్న ప్రశ్న వచ్చింది. నిర్వాహక మండలి మార్చకూడదని నిర్ణయించింది. పోటీలు ముగిసే రోజున ప్రధాన పోటీలోనే మంగోలియన్ గ్రూమ్ అనే గుర్రం కాలికి తీవ్ర గాయమై ప్రాణం విడిచింది. ఆ తర్వాత 2020లో అమెరికా ప్రభుత్వం గుర్రాల భద్రతకు, మందుల నియంత్రణకు ఒక ప్రత్యేక చట్టం చేసింది. మదీనాలో రెండు దారులు ఎందుకు ఏర్పరచారో ఈ సంఘటనల వెలుగులో మరింత స్పష్టమవుతుంది.

సొమ్ము ఎక్కడి నుంచి వచ్చింది?

ధర్మవేత్తలు బహుమానపు సొమ్మును మూడు రకాలుగా విభజించారు. మొదటిది, పాలకుడు గాని పోటీలో లేని మూడో వ్యక్తి గాని ఇచ్చేది. ఇది ధర్మసమ్మతమన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. రెండోది, పోటీదారులలో ఒక్కరే ఇస్తానన్నది. దీన్ని అధిక సంఖ్యాకులు అనుమతించారు. మూడోది, పోటీదారులందరూ సొమ్ము పెట్టి గెలిచినవాడు మొత్తం తీసుకోవడం. ఇది ఖిమార్. అయితే సొమ్మేమీ పెట్టని ఒక రౌతు, గెలిచే అవకాశం నిజంగా ఉన్న గుర్రంతో పోటీలో చేరితే, హనఫీ, షాఫయీ, హంబలీ ధర్మవేత్తలు దీన్ని అనుమతించారు. ఆ రౌతును 'ముహల్లిల్' అంటారు. మాలికీలలో ప్రసిద్ధమైన అభిప్రాయం దీనికి భిన్నం. ముహల్లిల్ షరతు అవసరం లేదన్నది ఇబ్నె తైమియా, ఇబ్నె ఖయ్యిం అభిప్రాయం. 'అల్ ఫురూసియ్య' గ్రంథంలో ఇబ్నె ఖయ్యిం దీన్ని విస్తారంగా చర్చించారు.

ఈ చర్చ అంతా గుర్రాన్ని పోటీకి దింపినవారి గురించేనన్నది ముఖ్యం. గ్యాలరీలో కూర్చుని టికెట్టు కొనేవాడు ఈ మూడు రకాలలో ఎక్కడా లేడు. అతడికి గుర్రం లేదు, స్వారీ లేదు, తర్ఫీదు లేదు. ఉన్నది సొమ్ము, ఆశ మాత్రమే.

టోట్ అనే బెట్టింగ్ పద్ధతి 1860లలో పారిస్‌లో పుట్టింది. అది పనిచేసే తీరు ఇది. 100 మంది తలా 10 రూపాయలు కట్టారనుకొందాం. మొత్తం 1,000 రూపాయలు. క్లబ్బు వాటాకు, పన్నుకు 200 పోతే 800 మిగులుతుంది. గెలిచిన గుర్రంపై కట్టినవారు 10 మంది అయితే తలా 80 రూపాయలు వస్తాయి. తక్కిన 90 మంది జేబులు ఖాళీ. గెలిచినవాడికి వచ్చిన ప్రతి రూపాయీ ఓడినవాడి నుంచి, ఏ వస్తువూ ఏ సేవా బదులుగా ఇవ్వకుండా వచ్చిందే. దివ్య ఖుర్ఆన్ ఐదో సూరాలో మద్యంతో కలిపి నిషేధించిన 'మైసిర్' స్వరూపం ఇదే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవస్తుంది. గుర్రపు పోటీ నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో మద్రాసులోని రేసు క్లబ్బుకు సంబంధించిన కేసులో తీర్పు ఇచ్చింది కదా అంటారు. నిజమే. కాని కోర్టు ముందున్న ప్రశ్న వేరు. నైపుణ్యమా, అదృష్టమా అన్నది దేశ చట్టం అడిగే ప్రశ్న. ఎవరి సొమ్ము ఎవరి చేతికి, దేనికి బదులుగా వెళ్లింది అన్నది షరీఅత్ అడిగే ప్రశ్న. గుర్రాల వంశావళి కంఠస్థం చేసినంత మాత్రాన ఓడినవాడి కూలి డబ్బు గెలిచినవాడికి హలాల్ కాదు.

ఇంకో సూక్ష్మ విషయం కూడా ఉంది. బెట్టింగ్ లేకున్నా, కెంటకీ డెర్బీ వంటి పోటీలలో యజమానులు నమోదు రుసుము, ప్రవేశ రుసుము చెల్లిస్తారు. గుర్రాలు పెంచే ముస్లిం యజమాని ఆ రుసుము నిర్వహణ ఖర్చులకు పోతోందా, బహుమానంలో కలుస్తోందా అని విచారించుకోవాలి. బహుమానంలో కలిస్తే అది పైన చెప్పిన మూడో రకం కిందికి వస్తుంది.

జూదం లేకుండా సాధ్యమేనా?

జూదం లేకుంటే గుర్రపు పోటీలు బతకవని చాలామంది భావన. 1996లో దుబాయిలోని నాద్ అల్ షెబాలో మొదలైన దుబాయి వరల్డ్ కప్పు ఈ భావనకు సమాధానం. మైదానంలో బెట్టింగ్ కౌంటర్లు లేకుండానే ఆ పోటీ ప్రపంచంలోని మేటి గుర్రాలను రప్పించింది. 2010లో మైదాన్ అనే కొత్త రేసుకోర్సుకు మారింది. 2020లో రియాద్‌లో మొదలైన సౌదీ కప్పు 2 కోట్ల డాలర్ల బహుమానం ప్రకటించింది.

అయితే వీటినీ కళ్లు మూసుకొని మెచ్చుకోనక్కరలేదు. ఆ పోటీలపై ఇతర దేశాలలో బెట్టింగ్ సాగుతూనే ఉంటుంది. మొదటి సౌదీ కప్పులో ముందుగా గమ్యం చేరిన గుర్రపు ట్రైనర్‌పై కొద్ది రోజులకే అమెరికాలో నిషిద్ధ మందుల కేసు నమోదైంది. బహుమానపు సొమ్ము నిలిపివేశారు. జూదాన్ని తొలగించినంత మాత్రాన న్యాయం దానంతట అదే రాదు. జలబ్, జనబ్‌ల నిషేధం అందుకే అవసరమైంది. నేటి జలబ్ కేకల రూపంలో లేదు, సూది మందు రూపంలో ఉంది.

కాబట్టి పోటీని చూడాలనుకొనే పాఠకుడు మూడు ప్రశ్నలు వేసుకొంటే చాలు. మైదానం గుర్రానికి తగినదేనా? గెలుపు న్యాయంగా వచ్చిందా? సొమ్ము ఎవరి జేబు నుంచి వచ్చింది? మొదటి రెండూ నిర్వాహకుల బాధ్యత. మూడోది ప్రతి విశ్వాసి తన జేబుపై చేయి ఉంచి జవాబు చెప్పుకోవలసినది.

దైవప్రవక్త (స) ఒంటె 'అద్‌బా'ను పరుగులో మించినది లేదని ప్రసిద్ధి. ఒకనాడు ఒక పల్లెటూరి అరబ్బు తన లేత ఒంటెపై వచ్చి దాన్ని దాటిపోయాడు. సహాబీల మనసులు నొచ్చుకొన్నాయి. లోకంలో ఏది పైకి లేచినా దాన్ని దించడం అల్లాహ్ సంప్రదాయమని దైవప్రవక్త (స) వారికి నచ్చజెప్పారు. ఆనాడు అక్కడ పరుగు ఉంది, ఓటమి ఉంది, ఓటమి నుంచి నేర్చుకొన్న పాఠం ఉంది. ఎవరి ఇంటి పొయ్యీ ఆరిపోలేదు. పందెమనే మాటలోని రెండు అర్థాలను వేరుచేసి చూసే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక!